లాయ్కర్‌బాద్‌లో ఆరుగురం, రెండు రాత్రులు: కొండా, ఇనుప తాడూ, వేడినీళ్ళూ. ప్లాన్ చూసి చెప్పండి

జూరిచ్_గోదారి
అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారాంతంలో ఆరుగురు స్నేహితులం స్విట్జర్లాండ్ వలైస్‌లోని లాయ్కర్‌బాద్ వెళ్దామనుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇళ్ళకి చేరాలి. నలుగురు జూరిచ్, ఒకరు బేసెల్, ఒకరు మ్యూనిక్. ఇద్దరికి కొండలు బాగా అలవాటు. ఇద్దరు వారంవారం బ్యాడ్మింటన్ ఆడతారు కానీ తాడు పట్టుకుని ఎప్పుడూ ఎక్కలేదు. ఒకమ్మాయికి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. ఇంకొకరికి మోకాలు నొప్పి, ఎక్కడం పర్లేదు గానీ దిగుడు పడదు.

ఇప్పటికి అనుకున్నది: శనివారం పొద్దున స్పా, మధ్యాహ్నం నడిచి గెమ్మి కనుమ ఎక్కడం, ఆదివారం అందరం కలిసి వయా ఫెరాటా (కొండ గోడకి బిగించిన ఇనుప తాడుకి మనల్ని తగిలించుకుంటూ ఎక్కే దారి). కారా, రైలా తేలలేదు. శాకాహారులు ముగ్గురు. మొహమాటం లేకుండా చెప్పండి.

కొండదారి
మొహమాటం లేకుండానే: ప్లాన్ తలకిందులుగా ఉంది.

ఆగస్టులో వలైస్ లోయ పొద్దుటి నుంచీ కాగుతుంది. ఆ వేడిగాలి వాలు వెంట పైకెక్కి మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. ఉరుములు పడే రోజైతే చాలాసార్లు రెండు, మూడు గంటల తర్వాతే పడతాయి. మీరేమో సరిగ్గా ఆ టైముకి కొండ గోడ మీద ఉండేలా వేసుకున్నారు. పైగా ఊరు 1,411 మీటర్లు, గెమ్మి సుమారు 2,300. దాదాపు 900 మీటర్ల ఎక్కుడు, దారంతా కొండ గోడలో తొలిచిన మెలికలే, నీడ తక్కువ, నీళ్ళు దొరకవు. అలిపిరి మెట్లదారి మొత్తం ఎక్కితే సుమారు 700 మీటర్లు కదా, దానికంటే 200 ఎక్కువ అనుకోండి, కాకపోతే ఇక్కడ మజ్జిగ అమ్మేవాళ్ళుండరు. మామూలు నడకకి రెండుంబావు, రెండున్నర గంటలు. ఆ దారి పట్టేవాళ్ళు మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఊళ్ళోనే నింపుకోవాలి.

రెండోది, స్నానం ముందు చేసి కొండెక్కకూడదు. 36 డిగ్రీల నీళ్ళలో గంట కూర్చుంటే రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చెమటకి ఒంట్లో నీరు పోతుంది, ఒళ్ళు బద్ధకిస్తుంది. ఆ తర్వాత ఎండలో ఎక్కితే తల తిరగడం ఖాయం. పొద్దున కొండ, సాయంత్రం నీళ్ళు. ఈ ఒక్కటి మారిస్తే సగం చిక్కులు వాటంతటవే పోతాయి.

మోకాలు నొప్పి ఉన్నవాళ్ళని గెమ్మి నుంచి ఊళ్ళోకి నడిపించి దించకండి. కేబుల్ కారు ఉంది.

ఓరుగల్లు_బిడ్డ
కొండదారి అన్న చెప్పింది కరెక్టే. ఇంకొకటి నేను కలుపుత. "అందరం కలిసి ఫెరాటా" అన్న ముచ్చట ఇడ్సిపెట్టున్రి.

గెమ్మి గోడ మీద రెండు రూట్లు ఉంటయి. చిన్నది మధ్యస్థం కష్టం, ఆరోగ్యంగ ఉన్నోళ్ళు మనిషి తోడుంటే చేస్తరు. పెద్దది డౌబెన్‌హార్న్ శిఖరం దాంక పోతది, 2,942 మీటర్లు. కష్టం కొలతల కే5, అంటే చానా కష్టం, స్విట్జర్లాండ్‌ల గింత పొడుగు ఫెరాటా ఇంకోటి లేదంటరు. నిలువుగ వెయ్యి మీటర్ల దాంక ఎక్కుడు, పోయొచ్చేసరికి ఎనిమిది గంటలు. ఎక్కినంక అయిపోయిందనుకుంటే తప్పు. శిఖరం వెనక నుంచి గెమ్మికి దిగుడు రాళ్ళు జారే జాగ, ముందటి వేసవిల అయితే మంచు గూడ మిగిలి ఉంటది. చేతులు అలిసిపోయినంక గా దిగుడే జనాలను పడగొడతది.

రెండు రూట్లకూ మొదలు ఒక్క దిక్కే. పైన కేబుల్ కారు దిగి, నడక దారిల కొంచెం కిందికొస్తే ఉంటరె ష్మిట్టె అనే జాగ వస్తది. ఊరి నుంచి నడిచొచ్చేటోళ్ళు గూడ ఆడికే వస్తరు.

మీ ఇద్దరు బ్యాడ్మింటన్ దోస్తులకు చిన్నది సరిపోతది. ఎత్తు భయం ఉన్న చెల్లెకు రెండూ వద్దు. బలవంతం చేసి గోడ నడుమ ఆగిపోతే ముందుకూ పోలేరు, ఎనక నుంచి ఒచ్చేటోళ్ళూ ఆగుతరు.

బెర్న్_అక్క
రైలు. ఇంకో మాట లేదు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే మీ ఆదివారం మొత్తం దీనిమీదే ఆధారపడుంది.

కారు తీసుకెళ్తే ఎక్కడ పార్క్ చేశారో అక్కడికే తిరిగి రావాలి. రైలైతే ఆదివారం గెమ్మి దాటేసి అవతల బెర్న్ వైపు కాండర్‌స్టెగ్‌లో దిగొచ్చు. అక్కడినుంచి స్పీట్స్, బెర్న్ మీదుగా ఇంటికి. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళక్కర్లేదు.

దారి ఇలా ఉంటుంది: కేబుల్ కారులో గెమ్మి, కిందికి డౌబెన్‌సే సరస్సు (2,207 మీ.), ఒడ్డు వెంట నడిచి ష్వారెన్‌బాఖ్ కొండ హోటల్ (2,060 మీ.), అక్కడ్నించి స్పిట్టెల్‌మాట్టె పచ్చిక బయలు, చివర్లో చిన్న ఎక్కుడుతో సున్‌బ్యూల్ (1,934 మీ.). తొమ్మిది పది కిలోమీటర్లు, నడక రెండున్నర గంటలు. తిండి, ఫోటోలు, సరస్సులో కాళ్ళు పెట్టి "అమ్మో చల్లగా ఉంది" అనడం అంతా కలిపి నాలుగ్గంటలు వేసుకోండి. చాలామటుకు వెడల్పాటి బండిబాట. దిగుడు 450 మీటర్ల దాకా ఉన్నా అంత దూరం మీద పరచుకుని ఉంటుంది కాబట్టి చేతికర్రలు రెండుంటే మోకాలు ఓర్చుకుంటుంది. ఎత్తు భయం ఉన్నవాళ్ళకి కూడా ఇబ్బంది పెట్టే చోటు దాదాపు లేదు.

సున్‌బ్యూల్ నుంచి కేబుల్ కారు దించేది కాండర్‌స్టెగ్ స్టేషన్ దగ్గర కాదు, ఊరికి దక్షిణాన ఉన్న ఎగ్గెష్వాండ్‌లో. అక్కడినుంచి స్టేషన్‌కి బస్సు, లేదా ముప్పావుగంట నడక. ఈ ముక్క మర్చిపోయే చాలామంది రైలు తప్పిపోతారు.

శుక్రవారం వచ్చేటప్పుడు జూరిచ్ నుంచి విస్ప్‌కి రెండు గంటలు. 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోట్ష్‌బెర్గ్ సొరంగంలోంచి వస్తుంది. విస్ప్‌లో మారి లాయ్క్, అక్కడ బస్సు ఎక్కి అరగంటలో ఊళ్ళో. మొత్తం మూడు గంటలు. బేసెల్ వాళ్ళు విస్ప్‌లో కలవొచ్చు. లాయ్క్ నుంచి ఆఖరి బస్సు టైం ముందు చూసుకోండి, ఆఫీసు నుంచి ఆలస్యంగా బయల్దేరే వాళ్ళని ఇరికించేది అదే.

జూరిచ్_గోదారి
అక్కా, కాండర్‌స్టెగ్ ఐడియా అందరికీ నచ్చింది. కానీ ఆదివారం బ్యాగుల సంగతి? రైస్ కుక్కర్ కూడా తెద్దామనుకున్నాం.

ఇంకో సంగతి, ఫెరాటా శనివారానికి జరిపితే, ఎత్తు భయం ఉన్న స్నేహితురాలు ఆ రోజు ఏం చేయాలి? నలుగురూ గోడ మీద ఉంటే ఆమె రోజంతా హోటల్‌లో కూర్చోవాల్సొస్తుందని బాధ.

వలైస్_వాకర్
గోదారి గారూ, శనివారం అందరూ ఒకే పని చేయాలని లేదు, ఒకే చోట భోంచేస్తే చాలు. ఆ చోటు గెమ్మి పైన పెట్టుకోండి.

ఫెరాటా వాళ్ళు నలుగురూ మొదటి కేబిన్‌లో పైకి. మిగిలిన ఇద్దరూ తీరిగ్గా తొమ్మిదిన్నరకి. కేబిన్ గోడకి దగ్గరగానే పోతుంది కాబట్టి ఎత్తు భయం ఉన్నవాళ్ళు మధ్యలో నిలబడి లోయకి వీపు పెట్టి, చూపు పక్కవాళ్ళ మీద ఉంచితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పైన లోయలోకి పొడుచుకొచ్చిన జాలీ ప్లాట్‌ఫాం ఒకటుంది, దాని జోలికి పోవద్దు. కొండ రెండో వైపుకి నాలుగడుగులు వేయగానే లోతు కనపడదు, విశాలంగా ఉంటుంది. సరస్సు దాకా దిగడానికి ఇంకో చిన్న కేబుల్ కారు ఉంది, మోకాలికి అదీ ఆసరా. సరస్సు చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు.

డౌబెన్‌సేకి పైకి కనిపించే పొర్లుకాలువ లేదు. సున్నపురాయి నేల కదా, నీరు అడుగునుంచే ఇంకిపోతుంది. అందుకే మట్టం బాగా మారుతుంటుంది. ఒడ్డున కనిపించే బూడిదరంగు బురద గట్టిగా ఉన్నట్టు ఉంటుంది గానీ పాదం పెడితే చీలమండ దాకా దిగుతుంది. దారి మీదే ఉండండి.

డాలా వాగు లోయలో గోడకి బిగించిన ఇనుప నడవ ఉంది, వేడి ఊటలు చూపించేది, 600 మీటర్లు. అందరికీ రికమెండ్ చేస్తారు. ఆమెకి వద్దు, కాళ్ళ కింద జాలీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. అల్బీనెన్ నిచ్చెనలు కూడా ఆమెకి వద్దు. మిగతావాళ్ళకి మాత్రం చూడదగ్గవి. ఎనిమిది చెక్క నిచ్చెనలు, కొండ కొమ్ముకి ఆనించి ఉంటాయి. ఒకప్పుడు అల్బీనెన్ ఊరివాళ్ళు లాయ్కర్‌బాద్ రావడానికి వాడిన అడ్డదారి. లాయ్కర్‌బాద్ వైపు నుంచి వెళ్తే నిచ్చెనలు ఎక్కుతారు, అటునుంచి వస్తే దిగుతారు. ఎక్కడమే నయం. వాన పడ్డాక చెక్క మీద బూటు జారుతుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. తేదీ మార్చుకుని జూలై ఆఖరి ఆదివారానికి పెట్టుకుంటే ఆ రోజు డౌబెన్‌సే ఒడ్డున గొర్రెల కాపరుల పండగ. నల్లమూతి గొర్రెలు వందల్లో. చూడ్డానికి అద్భుతం, కేబుల్ కారు క్యూ మాత్రం నరకం.

బెర్న్_అక్క
బ్యాగులు: స్టేషన్ నుంచి స్టేషన్‌కి సామాను పంపే సర్వీసు వారాంతానికి అక్కరకు రాదు, మీకంటే ఆలస్యంగా చేరుతుంది. మనిషికి 30 లీటర్ల సంచి, ఆరేడు కిలోలు మించకుండా సర్దుకోండి. నడిచే బట్టలు రెండు జతలు, రాత్రికి ఒక జత, ఈత బట్టలు, వానకోటు, పల్చటి ఉన్ని స్వెట్టర్. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, బరువు. ఫెరాటా సామాను ఊళ్ళోనే అద్దెకి తీసుకుని శనివారమే తిరిగిచ్చేయండి, ఆదివారం మోసే పనుండదు.

రైస్ కుక్కర్ ఇంట్లో ఉంచండి.

సీమ_చిన్నోడు
అక్కా, కుక్కర్ లేకుండా ఆరుగురికి రెండు రోజులు రొట్టెలు తినిపిస్తావా? శాకాహారులు పాపం.

కుక్కర్ వద్దంటే సరే, ఇట్ల చేయండి. ఫ్లాట్ తీసుకుంటే గిన్నెలు ఉంటాయి, గిన్నెలో వార్చుకోవచ్చు. ఊరి ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే కాగుతాయి కాబట్టి బియ్యం అరగంట నానబెట్టి, మూత పెట్టి, మామూలుకంటే నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచాల. కందిపప్పు మాత్రం ఉత్త గిన్నెలో పెట్టుకోవద్దు, గంటైనా పలుకు పలుకే. పెసరపప్పో, ఎర్ర మసూర్ పప్పో తెచ్చుకోండి, ఇరవై నిమిషాలకి మెత్తగా అయితాది.

కొండ మీదికి పులిహోరే. ఆరుగురికి 700 గ్రాముల బియ్యం, 80 గ్రాముల చింతపండు. చింతపండు పులుసు మిరపకాయలు, మెంతిపొడి, ఇంగువ వేసి నూనె తేలేదాకా జూరిచ్‌లోనే ఉడికించి సీసాలో పోసుకోని రండి. పోపు కూడా దాంట్లోనే. ఆడ అన్నం వండి, వెడల్పు పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారినాకనే కలిపి డబ్బాల్లో పెట్టాల. వేడి వేడిగా పెట్టి మూతేస్తే లోపల ఆవిరి నీళ్ళయి ముద్దయితాది, మధ్యాహ్నానికి వాసన కూడా వస్తాది. అందుకని రాత్రే వండుకోండి, పొద్దున కాదు. పెరుగన్నం సంచిలో ఎండకి పులుస్తాది, అది రాత్రికి తినండి.

చేగోడీలు, సకినాలు, వేయించిన పల్లీలు మనిషికి ఒక గుప్పెడు. చెమటతో ఉప్పు పోతాది, తీపి బార్లు ఒక్కటే తింటే కడుపు తిప్పుతాది.

మ్యూనిక్_మిర్చి
కుక్కర్ గురించి ఇంకో మాట. జర్మనీలో కొన్నదైతే గుండ్రటి లావు ప్లగ్గు ఉంటుంది, అది స్విస్ సాకెట్‌లో దూరదు. సన్నటి రెండు పుల్లల ఛార్జర్ ప్లగ్గే దూరుతుంది. ఇండియా ప్లగ్గు సంగతి చెప్పనక్కర్లేదు. గ్యాస్ స్టవ్ మీద వాడే అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ తెద్దామనుకుంటే, ఫ్లాట్‌లో ఇండక్షన్ అయితే అది అసలు వేడెక్కదు. బుకింగ్ ఫోటోల్లో పొయ్యి చూడండి.

మ్యూనిక్ నుంచి వచ్చే ఫ్రెండ్‌కి నాలుగు విషయాలు.

పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉండాలి. కార్డు ఒక్కటే చాలదు. రైల్లో సరిహద్దు దగ్గర అడుగుతారు.

స్విట్జర్లాండ్ ఈయూ కాదు. జర్మన్ సిమ్ రోమింగ్ ఫ్రీ అనుకోవద్దు. ప్లాన్‌లో ఉందో లేదో చూసి, లేకపోతే డేటా ఆపేసి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. స్విస్‌టోపో యాప్‌లో ఆఫ్‌లైన్ మ్యాపులు ఉచితం, మూసేసిన నడకదారులు కూడా దాంట్లో కనిపిస్తాయి.

ఇన్సూరెన్స్: స్విట్జర్లాండ్‌లో వారానికి ఎనిమిది గంటలు మించి ఉద్యోగం చేసేవాళ్ళకి కంపెనీ ద్వారా ప్రమాద బీమా ఉంటుంది, సెలవు రోజు ప్రమాదాలకీ వర్తిస్తుంది. జర్మనీ నుంచి వచ్చేవాళ్ళకి అది ఉండదు. హెలికాప్టర్ రెస్క్యూ కవరయ్యే పాలసీ విడిగా చూసుకోవాలి. ఇండియా నుంచి వీసా మీద వచ్చినవాళ్ళెవరైనా కలిస్తే, షెంగెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీలో చాలాసార్లు పర్వతారోహణని మినహాయిస్తారు. ఆ చిన్న అక్షరాలు చదివాకే గోడ దగ్గరికి.

ఆదివారం జూరిచ్ నుంచి మ్యూనిక్‌కి మూడున్నర, నాలుగు గంటలు. ఆ రైలు టైం ముందు చూసి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసి కాండర్‌స్టెగ్ వదిలే టైం పెట్టుకోండి. మిగతా ఐదుగురికి గంట గంటకీ రైలుంది, తొందర లేదు.

ఓరుగల్లు_బిడ్డ
సామాను అద్దెకు తీసుకునేటప్పుడు ఏం చూడాల్నో ఎవరూ రాయలే. రాస్త.

హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టే బెల్టు), హెల్మెట్, క్లెట్టర్‌స్టీగ్ సెట్టు (ఫెరాటాకే జర్మన్‌ల క్లెట్టర్‌స్టీగ్ అంటరు), చేతి గ్లోవ్స్. సెట్టు అంటే చేతులని పిలిచే రెండు పట్టీలు, చివర రెండు పెద్ద కారబైనర్లు (కేబుల్‌కు తగిలించే క్లిప్పులు), నడుమ ఒక చిన్న సంచి. గా సంచిల మడత పెట్టి కుట్టిన పట్టీ ఉంటది. పడినప్పుడు కుట్లు ఒక్కొక్కటి తెగుకుంట పట్టీ సాగి, దెబ్బను మింగుతది. అంటే ఒక్కసారి పడితే సెట్టు పని ఖతం. సంచి జిప్పు తీసి చూడున్రి. పట్టీ కొంచెమైనా బయటికి ఒచ్చి ఉన్నా, కుట్టు లేచి ఉన్నా, వేరేది అడుగున్రి. దోస్తు అటక మీది నుంచి తీసిచ్చిన పాత సెట్టు వద్దు. 2012, 2013లల్ల చానా కంపెనీల సెట్లు వాపస్ పిలిచిన్రు.

"నా దగ్గర తాడు ముక్క, రెండు కారబైనర్లు ఉన్నయి, సరిపోతయి" అంటరు కొందరు. సరిపోవు. లెక్క చూడున్రి. నిలువు గోడ మీద కేబుల్ మూడు మీటర్లకోసారి కొక్కేనికి బిగించి ఉందనుకుందాం. నువ్వు పై కొక్కెం దగ్గరికి పోయి జారినవ్. కారబైనర్ కింది కొక్కెం దాంక జారుతది, దాని మీద నువ్వు మళ్ళ చేతి పొడుగు మీది నుంచి కిందికి. మొత్తం ఐదు మీటర్లు పడి, ఒక్క మీటర్ పట్టీ మీద ఆగుతవ్. మామూలు క్లైంబింగ్‌ల పడే మీటర్లను తాడు పొడుగుతోని భాగిస్తే రెండు దాటదు, ఈడ ఐదు. సాగని పట్టీ అయితే కారబైనర్ ఇరుగుతది, లేకుంటే నడుము.

తగిలించుడు: సెట్టు లూపును హార్నెస్ ముందటి కట్టు లూపుల నుంచి దూర్చి, దాని లోపల్నించి సెట్టు మొత్తం లాగాలె. నడుమ కారబైనర్ పెట్టొద్దు. కొక్కెం దగ్గర ఒకటి తీసి అవతల వేసినంకనే రెండోది తియ్యాలె. రెండూ ఒక్కసారి ఎన్నడూ తియ్యొద్దు. వాడని చేతిని హార్నెస్‌కు తగిలించి పెడుతుంటరు, అడ్డం రాకుండ. అది పెద్ద తప్పు. పడినప్పుడు బరువు గా చేతి మీదికి పోయి పట్టీ సాగదు. రెండు కొక్కేల నడుమ ఒక్క మనిషే ఉండాలె, లేకుంటే పైనోడు పడితే కిందోని మీదికే.

సెట్టు 40 నుంచి 120 కిలోల బరువున్న మనిషికి, పై లెక్క వీపు సంచితోని కలిపి. ఈఎన్ 958 (గీ సెట్లకు యూరప్ ప్రమాణం) అని ముద్ర చూడున్రి.

కొండదారి
బిడ్డా, అంతా బాగా రాశావు గానీ ఒక విషయంలో ఒప్పుకోను. బ్యాడ్మింటన్ వాళ్ళిద్దరినీ అలవాటున్న స్నేహితులే తీసుకెళ్తే చాలన్నట్టు రాశావు. మొదటిసారి ఎక్కేవాళ్ళు ఇద్దరు, అలవాటున్నవాళ్ళు ఇద్దరు అన్నమాట నిజమే. కానీ అలవాటు ఉండటం వేరు, గోడ మధ్య బిగుసుకుపోయిన మనిషిని కదిలించడం తెలియడం వేరు. నలుగురు పంచుకుంటే గైడ్ ఖర్చు భరించలేనిదేం కాదు. బరువు తక్కువ ఉన్నవాళ్ళకి అదనంగా తాడు వేసేది కూడా గైడే.

ఓరుగల్లు_బిడ్డ
అన్నా, గైడ్ వద్దని నేననలే. పైసలు పెట్టుకుంటే మంచిదే. కానీ అలవాటున్నోళ్ళు ఒకరు ముంగట, ఒకరు ఎనక ఉంటే చిన్న రూటుకు నడుస్తది. పెద్ద రూటుకు మాత్రం కొత్తోళ్ళు గైడ్ ఉన్నా పోవద్దు.

ఇంగొకటి. మీ ఇద్దరు పక్కా కొండోళ్ళు పెద్దది చెయ్యాలని గుంజుతరు, నాకెరుక. శనివారం చేస్తే సాయంత్రం దాంక రారు, భోజనం కాడ కలువరు, ఆదివారం కాళ్ళు నడవయి. గది ఇంకో వారాంతానికి పెట్టుకోమని చెప్పున్రి.

కొండదారి
దీంట్లో మాత్రం ఏకీభవిస్తున్నా. ముందొకరు వెనకొకరు సంగతి మాత్రం గోదారి గారే తేల్చుకోవాలి. నా ఓటు గైడ్‌కే.

జూరిచ్_గోదారి
గైడ్ తీసుకుంటాం, అందరూ ఒప్పుకున్నారు. ఇక స్పా గురించి అడగాలి. ఇద్దరు ఆడవాళ్ళకి పొడుగు చేతుల ఈతబట్టలు ఉన్నాయి, రానిస్తారా? సౌనా ఎలా ఉంటుంది?

బెర్న్_అక్క
ఈత కోసమే తయారైన బట్ట అయితే పొడుగు చేతులైనా, లెగ్గింగ్ అయినా మామూలుగా ఇబ్బంది ఉండదు. కాటన్ టీషర్టు, లోపల చెడ్డీ వేసి పైన షార్ట్స్, ఇవి ఒప్పుకోరు. ఆ బట్టల్లోంచి సబ్బు, చెమట నీళ్ళలోకి వస్తాయని. ముందు సబ్బుతో స్నానం తప్పనిసరి.

సౌనా విషయం ముందే తెలుసుకోండి, అక్కడికెళ్ళి కంగారు పడకుండా. జర్మన్ మాట్లాడే స్విట్జర్లాండ్‌లో సౌనా భాగంలో బట్టలుండవు, ఆడా మగా కలిసే. ఈతబట్టలతో లోపలికి వెళ్తేనే అభ్యంతరం చెప్తారు. టవల్ చుట్టుకుని వెళ్ళి, దాన్ని చెక్క మీద పరిచి కూర్చుంటారు, ఒళ్ళు చెక్కకి తగలకూడదు. ఇష్టం లేకపోతే సౌనా లేని టికెట్టే కొనండి, డబ్బూ మిగులుతుంది.

ఊళ్ళో ఊటల నుంచి రోజుకి 39 లక్షల లీటర్లు వస్తుంది, 51 డిగ్రీల వరకు వేడి. చల్లార్చి 28 నుంచి 44 డిగ్రీల దాకా రకరకాల కొలనుల్లో వదులుతారు. కొండ దిగగానే 44లో దూకొద్దు. గుండె వేగం తగ్గేదాకా అరగంట ఆగి, అరలీటరు నీళ్ళు తాగి, ముందు 36 డిగ్రీల బయటి కొలనులో ఇరవై నిమిషాలు. బయటికొచ్చి పది నిమిషాలు కూర్చుని మళ్ళీ. ఎక్కువ వేడి కొలనులో ఐదు నిమిషాలు చాలు. బీరు తర్వాత. కేబుల్ ఒరుసుకుని అరచేతులు గీరుకుపోయి ఉంటే నీళ్ళలో మండుతాయి, గ్లోవ్స్ అందుకే. బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే.

కొండ హోటళ్ళలో శాకాహారులకి: రోస్టి అంటే తురిమిన ఆలుగడ్డ వేపుడే కానీ చాలాసార్లు పంది మాంసం ముక్కలు పడతాయి. "ఓనె ష్పెక్" అనండి. సూప్ గొడ్డు మాంసం నీళ్ళతో చేస్తారు, "వెజిటారిష్" అని అడిగి తీసుకోండి.

జూరిచ్_గోదారి
చివరి ప్రశ్న. వాన పడితే?

వలైస్_వాకర్
ఏ వాన అన్నదాన్ని బట్టి.

రోజంతా సన్నగా పడేదైతే ఫెరాటా రద్దు, తడిసిన సున్నపురాయి మీద బూటు నిలవదు, ఇనుప మెట్లు ఇంకా జారతాయి. డాలా నడవ చూసి స్నానానికి వెళ్ళండి. ఆదివారం దాటడం మాత్రం వానకోటుతో చేయొచ్చు, మేఘం కిందికి దిగి దారి కనపడకపోతే తప్ప.

పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉరుములు అని మెటియోస్విస్ (స్విస్ వాతావరణ శాఖ) చెప్తే గోడ మీదినుంచి పన్నెండుకల్లా బయటపడేలా వెళ్ళండి. పదిన్నర, పదకొండుకే మబ్బులు పువ్వుకోసు గడ్డల్లా నిలువుగా లేస్తుంటే ఆ రోజు ముందే పగులుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు లేకపోతే, అంటే పది కిలోమీటర్ల లోపలుంటే, ఇనుప కేబుల్ దగ్గర ఉండకూడదు. పిడుగు దూరంగా ఎక్కడ పడ్డా కేబుల్ వెంట కరెంటు మీదాకా వస్తుంది.

గాలి ఎక్కువైతే కేబుల్ కార్లు ఆపేస్తారు. ఆదివారం అవతలి సున్‌బ్యూల్ కేబుల్ కారు నడుస్తోందో లేదో పొద్దున్నే దాని సైట్లో చూసుకున్నాకే గెమ్మి ఎక్కండి. అది ఆగితే కాండర్‌స్టెగ్‌కి నడిచి దిగడం ఇంకో 700 మీటర్లు, మోకాలు మనిషికి కుదరదు. ఆ పరిస్థితిలో సరస్సు చూసి వెనక్కి లాయ్కర్‌బాద్‌కే దిగి బస్సెక్కండి.

వలైస్ వైపు ఆపదొస్తే 144. హెలికాప్టర్ కూడా ఆ నంబర్‌తోనే. బెర్న్ వైపు దాటాక 144 లేదా 1414. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకి చాచితే "సాయం కావాలి", ఒకటి పైకి ఒకటి కిందికి అయితే "అక్కర్లేదు". ఊరికే చెయ్యూపి పలకరించకండి.

స్పిట్టెల్‌మాట్టెలో ఆవులుంటాయి. దూడలున్న ఆవుల మధ్యలోంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి. 1895 సెప్టెంబరులో ఆల్టెల్స్ శిఖరం మీది హిమానీనదం విరిగి ఈ బయలు మీదే పడింది. ఆరుగురు మనుషులు, 170 దాకా పశువులు పోయాయి. ఆ కొండ ఇప్పటికీ కుడిచేతి వైపు కనిపిస్తుంది.

బెర్న్_అక్క
బుకింగులు ఏ వరసలో చేయాలో చెప్పేస్తాను, ఇప్పుడే మొదలుపెట్టండి. ముందు వసతి: ఆగస్టులో ఫ్లాట్లు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, రెండు రాత్రులకి దొరకడం కష్టం. దొరికినా ఆఖర్న శుభ్రం చేసే ఖర్చు, రాత్రికి మనిషికింతని ఊరి పన్ను విడిగా ఉంటాయి, కలిపి లెక్కేసుకోండి. దొరక్కపోతే చిన్న హోటల్, అప్పుడు పులిహోర జూరిచ్‌లోనే వండాలి. తర్వాత గైడ్. ఆ తర్వాత రైలు పొదుపు డే పాస్: హాఫ్ ఫేర్ కార్డు (టికెట్లు సగం ధరకిచ్చే కార్డు) ఉంటే 29 ఫ్రాంకుల నుంచి, లేకపోతే 52 నుంచి, రోజు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. శుక్రవారానికొకటి, ఆదివారానికొకటి. కేబుల్ కార్లకి టికెట్లు విడిగా. స్పా టికెట్టు అక్కడికెళ్ళాకే, ఆకాశం చూసి.

సీమ_చిన్నోడు
హోటల్ అయితే శుక్రవారం పులిహోర ఆదివారం దాకా పెట్టుకోవద్దు. అది శనివారానికే. ఆదివారానికి పులుసు సీసా ఉంచుకుని, శనివారం సాయంత్రం షాపు మూసేలోపు అటుకులు దొరుకుతాయని వెతక్కండి, ఆ ఊళ్ళో దొరకవు. ఇంటినుంచే అరకిలో మందం అటుకులు తెచ్చుకోండి. హోటల్ కెటిల్‌లో నీళ్ళు గోరువెచ్చగా కాచి, చల్లి, పది నిమిషాలు మూతేసి, పులుసు కలిపితే సరి.